ఎర్ర గీతకి అవతల

బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ పోయాడన్న వార్త ఫోన్‌లో చూసిన రోజు, అటక మీది అట్టపెట్టె దింపాను. అది 2025 మార్చి. ఆయనకి 76 ఏళ్లు. నేను ఆయన్ని ఎప్పుడూ కలవలేదు, ఒక్క పోటీ కూడా రింగు పక్కన కూర్చుని చూసింది లేదు. అయినా బాగా తెలిసిన పెద్దమనిషి పోయినట్టు కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

పెట్టె మూత తీయగానే ఆ వాసన వచ్చింది. ఏజెన్సీ ఫొటో మెషీన్‌లోంచి గోరువెచ్చగా బయటికొచ్చే కాగితం వాసన. కొంచెం పులుపు, కొంచెం కాలిన ప్లాస్టిక్. ఇన్నేళ్లయినా పోలేదు. ఆ వాసనతో పాటే ట్యూబ్‌లైట్ల గుయ్‌మనే చప్పుడు, టెలిప్రింటర్ల టకటక, అర్ధరాత్రి దాటాక గొంతులు తగ్గించుకుని మాట్లాడుకునే మనుషులు, అందరూ వచ్చేశారు.

నేను వెతికిన ఫొటో అడుగున ఉంది. రింగు మూల, తాళ్లు, చుట్టూ జనం. మధ్యలో ఒక భారీ మనిషి మోకాళ్ల మీద ఉన్నాడు. ఆ మనిషి నడుం మీదుగా అడ్డంగా ఒక ఎర్ర గీత. ఆ గీత గీసింది నేనే.

*

నేను చాలా ఏళ్లు క్రీడల డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని. ఆటలు చూసి రాసేవాళ్లు వేరే, మేం వేరే. మేం కాపీ దిద్ది, తెలుగు చేసి, కోసి, అతికించి పేజీలో ఇమిడ్చేవాళ్లం. కాగితం చుట్ట టెలిప్రింటర్‌లోంచి పాములా జారి నేల మీద పోగుపడేది. కుర్రాడొకడు స్కేలు పెట్టి వార్తకి వార్త చించి, మేకుకి గుచ్చి వెళ్లేవాడు. ముఖ్యమైన వార్త వస్తే మెషీన్ గంట కొట్టేది. ఆ గంట వింటే ఇప్పటికీ నా వీపు నిటారుగా అవుతుంది.

కొట్టేయడంలో నాకు మంచి పేరుండేది. మా ఇన్‌ఛార్జిగారు కొత్తగా చేరిన మొదటి వారంలోనే ఒక సూత్రం నేర్పారు. "చూడవయ్యా, గెలిచినవాడు కోచ్‌కి థాంక్స్ చెబుతాడు, అమ్మానాన్నలకి చెబుతాడు, చివర్లో దేవుడికి చెబుతాడు. జాగా లేకపోతే కింద నుంచి కోసుకుంటూ రా." కింద నుంచి కోయడమంటే ముందుగా పోయేది దేవుడే. మేం దానికి ముద్దుగా 'దేవుడి లైను' అని పేరు కూడా పెట్టుకున్నాం. "దేవుడి లైను తీసేస్తే సరిపోతుందా, ఇంకా పొడుగుందా?" అని అడుగుతుంటే పక్క డెస్క్‌లో రాజకీయాలు చూసేవాళ్లు నవ్వేవాళ్లు.

మైకేల్ చాంగ్ 1989లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. అతనికి అప్పటికి పదిహేడేళ్లే. కాళ్లు పట్టేస్తుంటే భుజం కిందినుంచి సర్వీస్ చేసి, అప్పటి నంబర్ వన్ లెండిల్‌ని ఓడించిన కుర్రాడు. గెలిచాక ఏసుప్రభువుకి కృతజ్ఞతలు చెప్పాడు. కాళ్లు పట్టేసిన సంగతి మూడు పేరాలు ఉంచాను, ఆ ఒక్క వాక్యం తీసేశాను. తప్పు చేశానని అప్పుడు అనిపించలేదు. నమ్మకం వాడి సొంత విషయం, ఆట అందరిదీ అనుకునేవాణ్ణి. మాట వినడానికి బాగానే ఉంటుంది కూడా.

*

చిత్రమేమిటంటే, కాపీలోంచి దేవుణ్ణి తీసేయమని చెప్పిన మా ఇన్‌ఛార్జిగారే, ఎడిషన్ వెళ్లిపోయాక తీరిగ్గా కూర్చుంటే అవే కథలు చెప్పేవారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పాదాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని. ఆయనకి ఇష్టమైన కథ స్కాట్‌లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్‌ది.

1924 పారిస్ ఒలింపిక్స్. వంద మీటర్లలో లిడెల్ మీద అందరికీ ఆశ. హీట్స్, అంటే తొలి వడపోత పరుగులు, ఆదివారం పడ్డాయి. ఆదివారం ప్రభువు రోజు, పరుగెత్తను అన్నాడు. ఇన్‌ఛార్జిగారి కథలో ఈ సంగతి లిడెల్‌కి ఓడ ఎక్కాక తెలిసేది. ఆ ఘట్టం దగ్గర ఆయన గొంతు తగ్గించి, ఓడ గట్టు వదిలే దృశ్యం చేత్తో చూపించేవారు. నిజానికి కార్యక్రమం నెలల ముందే తెలుసనీ, అందుకే అతను నాలుగు వందల మీటర్లకి సాధన చేసుకున్నాడనీ నేను చాలా కాలానికి చదివాను. చదివాక కథ తగ్గలేదు, నాకు ఇంకా పెరిగింది. ఉన్నట్టుండి ఆవేశంలో కాదనడం ఒకటి. కాదని చెప్పి, నెలల తరబడి పొద్దున్నే లేచి వేరే దూరానికి కాళ్లని అలవాటు చేసుకోవడం ఇంకొకటి.

ఆ ఆదివారం హీట్స్ జరుగుతుంటే లిడెల్ పారిస్‌లోని స్కాట్‌లాండ్ వాళ్ల చర్చిలో మాట్లాడుతున్నాడు. ఆ వారమే రెండు వందల్లో కాంస్యం, నాలుగు వందల్లో స్వర్ణం. 47.6 సెకన్లు, ప్రపంచ రికార్డు. ఫైనల్ రోజు పొద్దున జట్టు మాలీషు చేసే మనిషి ఒక మడత కాగితం చేతిలో పెట్టాడట. నన్ను గౌరవించేవాణ్ణి నేను గౌరవిస్తాను అనే బైబిల్ మాట అందులో ఉంది. మా ఇన్‌ఛార్జిగారు లిడెల్ గురించి ఎంత చెప్పినా చివరికి ఈ మాలీషు మనిషి దగ్గరికే వచ్చేవారు. "వాడెవడో చూడు. కాళ్లు పిసికేవాడు. వాడికి తెలిసింది ఆ కుర్రాడికి ఆ పూట ఏం కావాలో."

ఇంకో రాత్రి శాండీ కోఫాక్స్ కథ. బేస్‌బాల్ మాలో ఎవరికీ సరిగా అర్థమయ్యేది కాదు, ఆయనకీ అంతంతమాత్రమే. 1965 వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్స్, మొదటి మ్యాచ్ యూదుల పవిత్ర దినం యోమ్ కిప్పూర్ రోజున వచ్చింది. డాడ్జర్స్ జట్టుకి అందరికంటే గొప్ప పిచర్, అంటే బంతి విసిరేవాడు, కోఫాక్స్. ఆ రోజు బంతి విసరనన్నాడు. బదులు దిగిన డాన్ డ్రైస్‌డేల్‌ని అవతలి జట్టు చితక్కొట్టింది, 8-2తో మ్యాచ్ పోయింది. మధ్యలో బయటికి పిలవడానికి మేనేజర్ వస్తే, నేను కూడా యూదుణ్ణయితే బాగుండేదనుకుంటున్నావు కదూ అన్నాడట డ్రైస్‌డేల్. ఇక్కడ ఇన్‌ఛార్జిగారు ముందే నవ్వేసి మాకు నవ్వే అవకాశం లేకుండా చేసేవారు. ఆ సిరీస్ ఏడో మ్యాచ్‌కి కోఫాక్స్ రెండు రోజుల విశ్రాంతితో వచ్చి, అవతలి జట్టుకి ఒక్క పరుగు ఇవ్వకుండా 2-0తో కప్పు తెచ్చిపెట్టాడు. అయితే రెండో మ్యాచ్‌లో ఓడింది కూడా అతనే. ఆ ముక్క ఇన్‌ఛార్జిగారు ఎప్పుడూ చెప్పలేదు. దేవుడి మాట విన్నవాడు మర్నాడే ఓడిపోతే కథ కుదరదు కదా.

*

ఫొటోల సంగతికి వస్తాను. నా సిగ్గు అక్కడే ఉంది.

ఫొటో కింద ఇంగ్లీషులో నాలుగు లైన్ల వివరం వచ్చేది. అందులోంచి తెలుగులో ఒక లైను క్యాప్షన్ తీయాలి. ఒక రాత్రి క్రికెట్ ఫొటో వచ్చింది. బ్యాటు పక్కన పెట్టి, హెల్మెట్ తీసి, నుదురు నేలకి ఆన్చిన ఆటగాడు. డెడ్‌లైన్‌కి పది నిమిషాలుంది. వివరం చివరి లైను మెషీన్‌లో చెరిగిపోయి వచ్చింది. 'అలసటతో కుప్పకూలిన' అని రాసి పంపేశాను.

నాలుగు రోజులకి పోస్టుకార్డు వచ్చింది. అందమైన చేతిరాత. "అయ్యా, సెంచరీ చేసినవాడు కుప్పకూలలేదు. సజ్దా చేస్తున్నాడు. మీరు ఆటలు చూసేవారే కదా, తేడా తెలియదా?" కింద పేరు మాత్రం ఉంది. సజ్దా అంటే ముస్లింలు నుదురు నేలకి ఆన్చి దేవుడికి మొక్కడం. కార్డు ఇన్‌ఛార్జిగారు చదివి, ఏమీ అనకుండా నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత నేను వెనక్కి తిరిగి చూసుకుంటే తెలిసింది, మా పేజీలో ఎవరు ఏ రకంగా ప్రార్థించినా ఒకే మాట. 'ఉద్వేగానికి లోనైన.' ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకున్నవాడు ఉద్వేగానికి లోనయ్యాడు. రెండు అరచేతులు ముఖం మీద రాసుకున్నవాడు ఉద్వేగానికి లోనయ్యాడు. కళ్లు మూసుకుని పెదాలు కదిపిన అమ్మాయి కూడా అంతే. మా పేజీ చదివినవాళ్లకి ఆటగాళ్లంతా ఏడుపుగొట్టువాళ్లని అనిపించి ఉంటుంది.

*

1995 ఫిబ్రవరిలో ఒక చిన్న ఐటమ్ వచ్చింది. హకీమ్ ఒలాజువాన్ రంజాన్ ఉపవాసం ఉంటూనే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడుతున్నాడు. పగటి మ్యాచ్‌లైతే నీళ్లు కూడా ముట్టడు. ఏడడుగుల మనిషి, కోర్టులో అటూ ఇటూ పరుగెత్తుతూ, టైమౌట్‌లో అందరూ సీసాలు ఎత్తుతుంటే ఊరికే నిలబడతాడు. ఇన్‌ఛార్జిగారు కాగితం వెలుతురుకి ఎత్తిపట్టుకుని చూశారు, అచ్చుతప్పేమోనని. "నీళ్లు కూడానా? ఇంకోసారి చూడు." ఆ నెల ఎన్‌బీఏ ఉత్తమ ఆటగాడి అవార్డు అతనికే వచ్చింది. ఆ ఐటమ్ మాత్రం నేను కొయ్యలేదు. పోస్టుకార్డు ప్రభావం కావచ్చు. ఒంటి కాలమ్‌లో చిన్నదే, కానీ పూర్తిగా వేశాను.

దానికి నాలుగైదేళ్ల ముందు అలాంటిదే ఇంకొకటి చెత్తబుట్టలోకి పోయింది. అమెరికన్ ఫుట్‌బాల్, 1990 డిసెంబరు, శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకీ న్యూయార్క్ జెయింట్స్‌కీ మ్యాచ్. 7-3తో ముగిసింది. అంతసేపూ ఒకళ్లనొకళ్లు గుద్దుకుని నేలకేసి కొట్టుకున్న రెండు జట్ల మనుషులు కొందరు, ఆట అయిపోయాక మైదానం మధ్యలో కలిసి మోకరిల్లారు. గెలుపు కోసమైతే ముందే చేయాలి. ఇది అయిపోయాక. ఇదేదో అర్థం లేని తతంగం అనుకుని పక్కన పడేశాను. 2023 జనవరిలో డమార్ హామ్లిన్ అనే కుర్రాడు గుండె ఆగి మైదానంలో పడిపోయినప్పుడు, అతని చుట్టూ జట్టంతా మోకాళ్ల మీద కూర్చున్న దృశ్యం టీవీలో చూశాను. డాక్టర్లు ఛాతీ మీద నొక్కుతున్నారు, వీళ్లు చుట్టూ గోడలా ఉన్నారు. అప్పుడు నాకు ఆ చెత్తబుట్ట గుర్తొచ్చింది.

*

డెస్క్‌లో కూర్చునే మాకు ఆటగాళ్లు కాగితం మనుషులే. ఒక్కసారి మాత్రం డ్రెస్సింగ్ రూములోకి వెళ్లే అవకాశం వచ్చింది. మ్యాచ్ రోజు లోపల ఎలా ఉంటుందో రాయమన్నారు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు. ఏ జట్టో చెప్పను. ఆ మనిషి ఎక్కడున్నాడో తెలియదు, చెప్పడం న్యాయం కాదు.

తలుపు తీయగానే నొప్పుల తైలం ఘాటు. కళ్లలో నీళ్లొచ్చాయి. చీలమండలకి టేపు చుడుతుంటే చర్ర్ చర్ర్‌మని చప్పుడు. సిమెంటు నేల మీద బూట్ల మేకులు టకటకలాడుతున్నాయి, టెలిప్రింటర్ గదిలో ఉన్నట్టే అనిపించింది. ఒక మూల టేప్‌రికార్డర్‌లో పాట. కెప్టెన్ లేచి దాన్ని ఆపాడు. అంతే, ఎవరూ ఏమీ చెప్పకుండానే గది మొత్తం సద్దుమణిగింది. ఒకడు మెడలో గొలుసు తీసి, ముద్దుపెట్టుకుని బూటులో దాచుకున్నాడు. ఒకడు గోడవైపు తిరిగాడు. ఇద్దరు భుజాల మీద చేతులు వేసుకుని తలలు ఆనించుకున్నారు. బూట్ల తాళ్లు కట్టుకుంటున్న ఒకతను మాత్రం అలాగే కడుతూ ఉన్నాడు. కానీ నెమ్మదిగా, చప్పుడు రాకుండా. తర్వాత అడిగితే, "నాకు అలాంటి నమ్మకాల్లేవు సార్. కానీ ఆ నిమిషం నాకూ కావాలి" అన్నాడు.

నా కళ్లు మాత్రం రిజర్వు గోల్‌కీపర్ మీద ఉన్నాయి. బెంచీ చివర గ్లవ్స్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. అందరి ప్రార్థనా అయిపోయినా అతనిది అవలేదు. వేళ్లు ఒక్కొక్కటే మడుస్తున్నాడు.

మ్యాచ్ మొదలయ్యాక, ఆడని మనిషి కాబట్టి, నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను. ఏం కోరుకున్నావు, ఇవాళైనా ఆడించాలనా?

నవ్వాడు. "అది ఎలా కోరుకుంటాను సార్? నేను దిగాలంటే వాడికి దెబ్బ తగలాలి. వాడూ నేనూ ఒకే గదిలో ఉంటాం."

మరి?

"మొదట్లో తెలియక అడిగేవాణ్ణి, నాకు ఛాన్స్ ఇప్పించు అని. ఒకరోజు ప్రాక్టీసులో వాడి వేలు విరిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఏమీ అడగను. పదకొండు మంది పేర్లూ చదువుతాను, అంతే. వాడి పేరు ముందు చదువుతాను."

వేళ్లు మడవడం అందుకని. పేర్లు లెక్క తప్పకుండా.

ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో నాకు నిజంగా గుర్తు లేదు. అతను తొంభై నిమిషాలూ బెంచీ మీదే ఉన్నాడు. అవతలి స్ట్రైకర్ మీదికి దూసుకొస్తే మెయిన్ గోల్‌కీపర్ ముందుకు దూకిన ప్రతిసారీ ఇతను నా పక్కన కూర్చునే ఊపిరి బిగబట్టేవాడు.

ఆఫీసుకి వచ్చి రాశాను. బాగా వచ్చిందనే అనుకున్నాను. తైలం వాసన, టేపు చప్పుడు, టేప్‌రికార్డర్ ఆపడం, పదకొండు పేర్లు. పేజీలో పెడుతుంటే చివరి నిమిషంలో యాడ్ వచ్చింది. పదిహేను సెంటీమీటర్లు తగ్గాలి. నేను రాసిందే, నేనే కోయాలి. కింద నుంచి కోసుకుంటూ వచ్చాను. అలవాటు. పదకొండు పేర్ల పేరా కిందే ఉంది.

*

ఈ ఆటగాళ్లలో భక్తి ఎక్కడ ఆగుతుందో, భయం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టమే. బేస్‌బాల్‌లో వేడ్ బాగ్స్ బ్యాటింగ్‌కి దిగే ముందు నేల మీద హీబ్రూలో 'జీవం' అనే అర్థమొచ్చే మాట గీసేవాడు. అతను యూదుడు కాదు. మ్యాచ్ రోజు తినేది కూడా ఎప్పుడూ ఒకటే, కోడి మాంసం. 2002 ప్రపంచకప్‌లో ఇటలీ కోచ్ ట్రపటోని బెంచీ దగ్గర చిన్న సీసాలోంచి తీర్థం చల్లుతూ టీవీ కెమెరాలకి దొరికిపోయాడు. క్రైస్తవ సన్యాసిని అయిన ఆయన అక్కాచెల్లెళ్లలో ఒకరు ఇచ్చిన సీసా అది. అదనపు సమయంలో పడిన గోల్డెన్ గోల్‌తో దక్షిణ కొరియా చేతిలో ఓడి ఇంటికెళ్లారు. మా డెస్క్‌లో ఆ రాత్రి తీర్థం మీద వేసుకున్న జోకులు అన్నీ ఇన్నీ కావు. నేనూ వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పెద్దాయన జోకుకి తగినవాడేమీ కాదు. బయట నిలబడి చూడ్డం తప్ప ఏమీ చేయలేని మనిషి, చేతికందింది చల్లాడు.

*

నన్ను ఎక్కువ కాలం వేధించింది జొనాథన్ ఎడ్వర్డ్స్.

ట్రిపుల్ జంపర్, పరుగెత్తుకొచ్చి మూడంగల్లో దూకే ఆటగాడు. మొదట్లో ఆదివారాలు దూకేవాడు కాదు, లిడెల్ లాగే. 1991 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్స్ అందుకే వదులుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఆలోచన మార్చుకుని ఆదివారం కూడా దిగాడు. 1995లో గోథెన్‌బర్గ్‌లో మొదటి దూకుడు 18.16 మీటర్లు, ఆ వెంటనే రెండోది 18.29. ఆ రాత్రి టెలిప్రింటర్ గంట రెండుసార్లు కొట్టింది. మొదటి కాపీ పేజీలో అతికించి ఊపిరి పీల్చుకునేలోపు రెండోది. అంకె మార్చడానికి చిన్న కాగితం ముక్క కత్తిరించి, 16 మీద 29 అతికించాను. పొద్దున పేపర్ చూస్తే ఆ ముక్క అంచు సన్నటి నల్లగీతలా పడింది. ఎవరూ పట్టించుకోలేదు, నాకు తప్ప.

తర్వాత 2000 సిడ్నీ ఒలింపిక్స్ స్వర్ణం కూడా గెలిచాడు. రిటైరయ్యాక టీవీలో భక్తి కార్యక్రమం నడిపాడు. 2007లో ఇంకో వార్త వచ్చింది. తనకిక నమ్మకం లేదని ఆయనే బయటికి చెప్పాడు. అప్పటికి టెలిప్రింటర్లు పోయాయి, వార్త కంప్యూటర్ తెరమీద చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంది. నేను మూడుసార్లు చదివాను. నా పక్కనున్న కుర్రాడు, "ఏంటి సార్, మీ బంధువా?" అన్నాడు.

ఎందుకు అంత బాధపడ్డానో నాకే తెలియదు. నేనేమీ పెద్ద భక్తుణ్ణి కాదు. బహుశా ఆయన అంత నమ్మి వదులుకున్న టోక్యో గురించి కావచ్చు. ఆ ఆదివారం ఇప్పుడు ఎవరి ఖాతాలో పడుతుంది? 18.29 మాత్రం నేను ఇది రాస్తున్న రోజుకీ చెక్కుచెదరలేదు. ఆయన నమ్మకం లేకుండా హాయిగానే ఉన్నాడని తర్వాత చదివి, నా బాధ నాకే కొంచెం అతిగా అనిపించింది.

*

కంప్యూటర్లొచ్చాక కొయ్యడం అనే పనికి చప్పుడు పోయింది. కత్తెర లేదు, జిగురు లేదు, ఎర్ర పెన్సిల్ లేదు. మౌస్‌తో లాగితే ఫొటో అంచులు తప్పుకుంటాయి. ఒక్క ఫొటో వచ్చే చోట వందలు వచ్చి పడేవి. అందుకే కాబోలు, చూడ్డం కొంచెం నేర్చుకున్నాను.

పాకిస్తాన్ క్రికెటర్ మహమ్మద్ యూసుఫ్ సెంచరీ చేస్తే మునుపు శిలువ గుర్తు వేసుకునేవాడు. అప్పుడతను యూసుఫ్ యోహానా. 2005లో ఇస్లాంలోకి మారానని ప్రకటించాక సజ్దా చేయడం మొదలుపెట్టాడు. 2006లో టెస్టుల్లో 1788 పరుగులు చేసి, ముప్పయ్యేళ్లుగా వివ్ రిచర్డ్స్ పేరునున్న 1710ని దాటేశాడు. ఆ ఏడాదంతా అతని నుదురు నేలని తాకుతూనే ఉంది. నేను ప్రతిసారీ 'సజ్దా చేస్తున్న యూసుఫ్' అనే రాశాను. ఆ కార్డు రాసినాయన ఎక్కడో చదివే ఉంటాడని నా నమ్మకం.

2012 లండన్ ఒలింపిక్స్‌లో ఐదు వేల మీటర్లు గెలిచిన ఇథియోపియా రన్నర్ మెసెరెట్ డెఫార్ ఫొటోలైతే వరసగా ఓ యాభై వచ్చాయి. గీత దాటింది. ఏడుస్తోంది. తర్వాతి ఫొటోలో చెయ్యి జెర్సీ లోపలికి వెళ్లింది. ఆ తర్వాతి దాంట్లో ఒక చిన్న పటం బయటికొచ్చింది, బాలయేసుతో మరియమ్మ. పన్నెండున్నర ల్యాపులు ఆ పటం ఆమె ఒంటికి అంటుకుని, చెమటలో తడుస్తూ ఆమెతో పాటే పరుగెత్తింది. పటాన్ని ముఖానికి హత్తుకుంది, కెమెరాలకి చూపించింది. కుర్రాడు జెండా కప్పుకున్న ఫొటో వేద్దామన్నాడు. పటం ఉన్నదే వేద్దామన్నాను. "జెండా అయితే బాగా పోతుంది సార్." పోనీలే, ఇవాళ్టికి ఇది వెయ్యి బాబూ అన్నాను. క్యాప్షన్‌లో 'ఉద్వేగం' అన్న మాట లేకుండా చూసుకున్నాను.

*

ఇక ఫోర్‌మన్.

1974లో జైర్‌లో (ఇప్పటి కాంగో) మహమ్మద్ అలీ చేతిలో ఓడిన మనిషి. 1977లో శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ చేతిలో పాయింట్ల మీద ఓడి డ్రెస్సింగ్ రూముకి వచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది. అక్కడే తను చచ్చిపోయినంత పనైందని, ఆ చీకట్లోంచి దేవుడు తనని వెనక్కి లాగాడని ఆ తర్వాత జీవితమంతా చెప్పుకున్నాడు. ఎండదెబ్బ అన్నవాళ్లున్నారు. ఏదైతేనేం, గ్లవ్స్ విప్పేసి హ్యూస్టన్‌లో పాస్టర్ అయ్యాడు. పదేళ్ల పాటు రింగు వైపు చూడలేదు. 1987లో తిరిగొచ్చాడు, గుండు, పొట్ట, నవ్వు. అంతకుముందు ఎప్పుడూ నవ్వని మనిషి.

1994 నవంబరులో లాస్‌వేగాస్‌లో అప్పటి చాంపియన్ మైకేల్ మూరర్‌తో పోటీ. ఫోర్‌మన్‌కి 45 ఏళ్లు. వేసుకున్నవి ఇరవై ఏళ్ల కిందట అలీ చేతిలో ఓడిన రోజు వేసుకున్న ఎర్ర లాగులే. తొమ్మిది రౌండ్లు దెబ్బలు తింటూనే ఉన్నాడు. పదో రౌండ్లో కుడి చేత్తో ఒక్కటి కొట్టాడు, మూరర్ వెల్లకిలా పడ్డాడు. అంకెలు లెక్కపెట్టడం అయిపోయింది. జనం అరుస్తూ రింగులోకి ఎక్కేస్తుంటే ఫోర్‌మన్ ఎగరలేదు, చేతులు ఎత్తలేదు. తన మూలకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

మెషీన్‌లోంచి ఆ ఫొటో నా చేతిలోకి వచ్చింది. పేజీలో జాగా రెండు కాలమ్‌లు, ఎత్తు తక్కువ. ముఖం కావాలి, నడుం నుంచి కింద అవసరం లేదు. మైనం పెన్సిల్ తీసుకుని అడ్డంగా గీశాను. మర్నాడు పేపర్లో ఫోర్‌మన్ తల వంచుకుని ఉన్నాడు, ఎందుకు వంచుకున్నాడో ఎవరికీ తెలియదు. క్యాప్షన్ ఏం రాసి ఉంటానో మీకు చెప్పనక్కర్లేదు.

ఆ ఫొటో ఎందుకు దాచుకున్నానో గుర్తు లేదు. అప్పట్లో వాడేసిన ఫొటోలు వారానికోసారి కట్టలు కట్టి అవతల పడేసేవాళ్లు. దాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను, ఒక్కదాన్నే.

కాగితం ఇప్పుడు గోధుమరంగుకి తిరిగింది. అంచులు చుట్టుకుపోయాయి. కానీ మైనం గీత నిన్న గీసినంత ఎర్రగా ఉంది. చెబితే నవ్వుతారు, పాత బనియన్ గుడ్డ తెచ్చి, నోటి ఆవిరి పట్టించి, మెల్లగా తుడిచాను. మైనం కదా, వచ్చేసింది. ఎడమ పక్క తాళ్ల మీద, పక్కనున్న మనిషి చెయ్యి మీద, ఫోర్‌మన్ వీపు మీద. నడుం దగ్గర మాత్రం పెన్సిల్ గట్టిగా నొక్కినట్టున్నాను, కాగితంలోకి దిగిపోయింది. రంగు పోయింది గానీ గాడి ఉంది. వేలు పెడితే తగులుతోంది.